క్రీడా దుస్తుల ఆన్‌లైన్ దుకాణం: సైజు పట్టిక నుంచి చెల్లింపు దాకా సరిచేసుకునే పద్ధతి

నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి, జడ్చర్లల్లో జెర్సీలు, ట్రాక్ ప్యాంట్లు అమ్మేవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సైటు పెట్టాం. జనం వచ్చి చూస్తున్నారు, కొనడం లేదు. డిజైన్ మారిస్తే అమ్మకాలు పెరుగుతాయా?"

పెరుగుతాయి. కానీ రంగులతో, బ్యానర్లతో మొదలుపెడితే పెరగవు. కొట్టుకు ఒక కుర్రవాడు వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. అతని ఒడ్డూ పొడుగూ చూస్తారు. "ఏ ఆటకు?" అని అడుగుతారు. "నీ ఒక్కడికేనా, జట్టుకా?" అంటారు. బట్టను చేతికిచ్చి లాగి చూడమంటారు. జెర్సీని భుజాలకు ఆనించి కొలుస్తారు. "సరిపోకపోతే తీసుకురా, మారుస్తాను" అని భరోసా ఇస్తారు. ఈ ఆరు పనులను ఫోను తెర మీద చేయించగలిగితే అదే మంచి డిజైన్. కింద రాసిన ప్రతి మెట్టూ అందుకోసమే.

దగ్గర ఉంచుకోవలసినవి:

- కొలత టేపు
- నగల తూకానికి వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు
- తక్కువ ధరలో దొరికే ఆండ్రాయిడ్ ఫోను ఒకటి
- గత మూడు నెలల ఆర్డర్లు, వెనక్కి వచ్చిన పార్శిళ్ల వివరాలు
- నోటుపుస్తకం, తొందరపడకుండా మూడు వారాల సమయం

1. మొదటి వారం సైటును ముట్టుకోవద్దు

ముందు లెక్క తీయండి. నోటుపుస్తకంలో మూడు పేజీలు కేటాయించండి.

మొదటి పేజీలో, వెనక్కి వచ్చిన ప్రతి పార్శిల్‌కూ కారణం రాయండి. సైజు సరిపోలేదా, రంగు వేరుగా ఉందా, బట్ట పలచగా ఉందా, ఆలస్యంగా చేరిందా, అసలు తీసుకోనే లేదా. రెండో పేజీలో, వాట్సాప్‌లో కొనుగోలుదారులు అడిగిన ప్రశ్నలను వారి మాటల్లోనే రాయండి. "అన్నా, నేను లావుగా ఉంటాను, ఎల్ వస్తుందా?", "చెమటకు అంటుకుంటుందా?", "పదమూడు మందికి ఎంత పడుతుంది?" అనే ప్రశ్నలు కనిపిస్తాయి. ఒక ప్రశ్నను ఐదుగురు అడిగారంటే దాని జవాబు సైటులో లేదని అర్థం. ఉన్నా కనబడటం లేదు.

మూడో పేజీలో ఒక్క జెర్సీ ఖర్చు వేయండి. విధానం తెలియడానికి నేను ఊహించి వేసిన అంకెలు ఇస్తున్నాను, మీ అంకెలు మీరు వేసుకోండి. అమ్మకం ధర రూ. 450. అందులో కలిసి ఉన్న జీఎస్టీ రూ. 21. బట్ట, కుట్టు, ముద్రణకు రూ. 250. సంచీకి రూ. 12. కొరియర్‌కు రూ. 65. ప్రకటన ఖర్చు రూ. 30. చివరికి చేతిలో మిగిలేది రూ. 72. అదే జెర్సీ తిరిగి వచ్చిందనుకోండి. పోయేటప్పుడు రూ. 65, వచ్చేటప్పుడు రూ. 55, సంచీ రూ. 12, ప్రకటన రూ. 30, అన్నీ కలిపి రూ. 162 నష్టం. రెండు జెర్సీలు అమ్మగా వచ్చిన లాభం మొత్తాన్ని ఒక్క రిటర్ను తినేస్తుంది, ఇంకా రూ. 18 చేతి నుంచి పడుతుంది.

అందుకే ముందుగా రిటర్న్‌లు తగ్గించాలి, కొత్త జనాన్ని తెచ్చే పని ఆ తర్వాత. ఈ వరుస తారుమారు చేసి ప్రకటనలకు డబ్బు పోసినవారు ఎక్కువ పార్శిళ్లు పంపి ఎక్కువ నష్టపోవడం నేను చూశాను.

2. సరుకును ఆట పేరుతో విడదీయండి

చాలా సైట్లలో వర్గాలు "టీషర్టులు, లోయర్లు, షార్ట్స్, కొత్తవి" అని ఉంటాయి. అది గోదాములో సర్దుకునే పద్ధతి. కొనేవారు అలా వెతకరు. మన ప్రాంతంలో కొనేవారు ముఖ్యంగా నాలుగు రకాలు:

- సంక్రాంతి పోటీలకు జట్టు కట్టే ఊరి యువకులు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ జెర్సీలు కావాలి, పేర్లూ నంబర్లూ కావాలి.
- బడి పిల్లలకు కొనే వ్యాయామ ఉపాధ్యాయులు. పద్నాలుగేళ్ల పిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా కలిపి సైజులు, బిల్లు తప్పనిసరి.
- పోలీసు ఉద్యోగాలకు సాధన చేసేవారు. నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలోనో, పాలమూరు స్టేడియంలోనో తెల్లవారుజామున 1600 మీటర్ల పరుగు తీస్తుంటారు. తేలికైన బనియన్, తొడలు ఒరుసుకోని నిక్కరు కావాలి.
- ఉదయం నడకకు వెళ్లేవారు. జేబులున్న ట్రాక్ ప్యాంటు, ఒంటికి వదులుగా ఉండే టీషర్టు కావాలి.

మొదటి పేజీలో పైన నాలుగే గడులు పెట్టండి: జట్టు జెర్సీలు, బడి ఆర్డర్లు, పరుగు సాధన, నడక. ఆ గడి తెరిచాక ఆట పేర్లు రావాలి. జారిపోయే బ్యానర్లు తీసేయండి. రెండో బ్యానర్ వచ్చేదాకా ఎవరూ ఆగరు, పైగా అవి పేజీని బరువెక్కిస్తాయి.

వెతికే పెట్టె విషయంలో ఒక జాగ్రత్త. కబడ్డీ, కబడ్డి, కబాడీ అని ఒక్కొక్కరు ఒక్కోలా టైపు చేస్తారు. నిక్కరు, షార్ట్, చెడ్డీ మూడూ ఒకటే వస్తువు. ప్రతి వస్తువుకూ ఇలాంటి మారుపేర్లను తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ జోడించండి. ఒక సాయంత్రం పని, ఏళ్ల తరబడి ఉపయోగం.

3. సైజు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

మన దుకాణాలకు సరుకు తిరుప్పూర్ నుంచి, లూధియానా నుంచి, స్థానికంగా కుట్టేవారి నుంచి వస్తుంది. ఒకరి ఎం మరొకరి ఎల్‌తో సమానం కావచ్చు. అయినా చాలా సైట్లు ఎక్కడో దొరికిన ఒకే పట్టికను అన్ని వస్తువులకూ అతికిస్తాయి. సైజు రిటర్న్‌లకు మూలం అదే.

ముందు మీ సరుకును మీరే కొలవండి. పద్ధతి ఇది:

- జెర్సీని గట్టి బల్ల మీద పరచి, లాగకుండా ముడతలు తీయండి.
- చంక కుట్టుకు ఒక అంగుళం కింద ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలవండి. దాన్ని రెట్టింపు చేస్తే జెర్సీ ఛాతీ కొలత.
- భుజం మీద మెడ కుట్టు దగ్గర మొదలుపెట్టి కింది అంచు దాకా కొలిస్తే పొడవు.
- ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు దాకా వీపు వైపు కొలవండి.
- ప్రతి సైజులో కనీసం మూడు జెర్సీలు కొలవండి. వాటి మధ్య అర అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ సరుకును విడిగా పెట్టి కుట్టినవారితో మాట్లాడండి.
- నూలు కలిసిన బట్టయితే ఒకసారి ఉతికి ఆరాక కొలవండి. పాలియెస్టర్ దాదాపు ముడుచుకోదు, నూలు ముడుచుకుంటుంది.

పట్టికలో రెండు అంకెలు వేరువేరుగా చూపాలి: ఒంటి కొలత, జెర్సీ కొలత. ఒక్క "ఛాతీ 40" అని రాస్తే అది మనిషిదో బట్టదో ఎవరికీ తెలియదు. వదులుగా ఉండే క్రికెట్ జెర్సీకి నమూనా ఇలా ఉంటుంది:

- ఎస్: ఒంటి ఛాతీ 34 అంగుళాల దాకా, జెర్సీ ఛాతీ 38, పొడవు 26
- ఎం: ఒంటి ఛాతీ 36 దాకా, జెర్సీ ఛాతీ 40, పొడవు 27
- ఎల్: ఒంటి ఛాతీ 38 దాకా, జెర్సీ ఛాతీ 42, పొడవు 28
- ఎక్స్‌ఎల్: ఒంటి ఛాతీ 40 దాకా, జెర్సీ ఛాతీ 44, పొడవు 29
- డబుల్ ఎక్స్‌ఎల్: ఒంటి ఛాతీ 42 దాకా, జెర్సీ ఛాతీ 46, పొడవు 30

ఇందులో నాలుగు అంగుళాల వదులు ఉంది. కబడ్డీ జెర్సీకి అంత వదులు పనికిరాదు. ప్రత్యర్థి చేతికి బట్ట దొరికిపోతుంది. రెండు అంగుళాలు చాలు, సాగే బట్టయితే ఇంకా తక్కువ. కాబట్టి ఆటకొక పట్టిక వేయండి.

ఇంట్లో టేపు లేనివారే ఎక్కువ. వారికోసం పట్టిక కింద ఈ మాట పెట్టండి: "మీకు సరిగ్గా సరిపోయే టీషర్టును నేల మీద పరచండి. చంకల కింద ఈ అంచు నుంచి ఆ అంచుకు స్కేలుతో కొలవండి. 20 అంగుళాలు వస్తే మీకు ఎం." పొడుగు స్కేలు బడి పిల్లలున్న ప్రతి ఇంట్లో ఉంటుంది. నేను చెప్పే మార్పుల్లో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ ఒక్క వాక్యమే.

పిల్లల సైజులకు వయసు రాయవద్దు. పన్నెండేళ్ల ఇద్దరు పిల్లల మధ్య అడుగు తేడా ఉండవచ్చు. ఎత్తు, ఛాతీ రాయండి. ట్రాక్ ప్యాంటుకు నడుము ఒక్కటే రాస్తే సరిపోదు. తొడ చుట్టుకొలత, లోపలి కాలు పొడవు కూడా ఇవ్వండి. పరుగు, కబడ్డీ ఆడేవారి తొడలు బలంగా ఉంటాయి, నడుము సరిపోయినా అక్కడ పట్టేస్తుంది.

తరచు జరిగే తప్పులు, సవరణలు:

- పట్టిక పేజీ అట్టడుగున ఉంటుంది. సైజు ఎంచుకునే గడి పక్కనే "నా సైజు ఏది?" అని పెట్టండి, అక్కడే తెరుచుకోవాలి.
- పట్టికను ఫొటోగా పెడతారు. ఫోనులో అక్షరాలు కనబడవు. అక్షరాలుగానే టైపు చేయండి.
- సెంటీమీటర్లు మాత్రమే ఇస్తారు. మన దగ్గర దర్జీల లెక్క అంగుళాల్లోనే ఉంటుంది. అంగుళాలు ముందు రాయండి.
- రెండు సైజుల మధ్య ఉన్నవారికి ఏ సూచనా ఉండదు. "మధ్యలో ఉంటే పెద్దది తీసుకోండి" అనో "సాగుతుంది, చిన్నది చాలు" అనో వస్తువును బట్టి స్పష్టంగా చెప్పండి.

4. బట్టను తెర మీద చేతికివ్వండి

చేత్తో తాకలేని మనిషికి బట్ట గురించి చెప్పడానికి ఫొటో, బరువు, మాట ఈ మూడే దారులు.

బరువు దగ్గర మొదలుపెడదాం. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకెను జీఎస్‌ఎం అంటారు. సరఫరాదారు చెప్పిన అంకెను అలాగే రాసేయకండి. పాడైన జెర్సీ నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరించి నగల త్రాసులో తూచండి. వచ్చిన గ్రాములను 100తో గుణించండి. 1.5 గ్రాములు వస్తే అది 150 జీఎస్‌ఎం. రెండు మూడు చోట్ల నుంచి ముక్కలు తీసి సగటు వేస్తే మరింత నమ్మకం.

అంకె ఒక్కటే రాస్తే కొనేవారికి అర్థం కాదు, దాని పక్కన ఉపయోగం చెప్పాలి. "150 జీఎస్‌ఎం: పలచగా, తేలికగా ఉంటుంది. ఏప్రిల్ ఎండలో పరుగుకు మంచిది. లేత రంగులో లోపలి బనియన్ కనబడుతుంది." చివరి వాక్యం రాయడానికి చాలామంది భయపడతారు. రాయండి. ఆ లోపం ముందే తెలిసి కొన్నవారు వెనక్కి పంపరు.

బట్ట ఏమిటో కూడా నిజం చెప్పాలి. సబ్లిమేషన్ ముద్రణ పాలియెస్టర్ పోగులోకి వేడితో రంగు ఎక్కించే పద్ధతి. నూలు బట్ట మీద అది నిలవదు. అలాంటి ముద్రణ ఉన్న జెర్సీకి "స్వచ్ఛమైన కాటన్" అని రాస్తే తెలిసినవారు పేజీ మూసేస్తారు, తెలియనివారు మొదటి ఉతుకు తర్వాత మిమ్మల్ని నమ్మడం మానేస్తారు.

ప్రతి వస్తువుకూ ఈ ఫొటోలు తీయండి:

- ముందు భాగం, వెనుక భాగం
- మెడ పట్టీ దగ్గరి నుంచి
- లోపలి వైపు తిప్పి కుట్లు కనబడేలా
- రెండు చేతులతో అడ్డంగా లాగుతున్నప్పుడు
- వేసుకున్న మనిషి నిలబడినప్పుడు, ఆడుతున్నప్పుడు
- ట్రాక్ ప్యాంటయితే జేబులో ఫోను పెట్టి

వేసుకున్న మనిషి ఎత్తు, ఛాతీ, వేసుకున్న సైజు ఫొటో కిందే రాయండి. దీనికి మోడల్ అక్కర్లేదు. స్టేడియంలో రోజూ సాధన చేసే కుర్రవాణ్ని అనుమతి తీసుకుని, ఒక జెర్సీ ఇచ్చి అడగండి. ఆటగాడి ఒంటి మీద బట్ట ఎలా పడుతుందో కొనేవారికి తెలుస్తుంది.

ఉదయం ఎండ తీవ్రం కాకముందు, నీడలో, తెల్లని గోడ ముందు తీయండి. ట్యూబులైటు కింద మెరూన్ గోధుమ రంగులా, నీలం నల్లగా కనబడుతుంది. ఫొటో తీశాక ఫోను తెరను జెర్సీ పక్కన పెట్టి చూడండి. రంగు కలవకపోతే మళ్లీ తీయండి. మెరుగులు దిద్దే యాప్‌లతో రంగు పెంచారంటే ఒక రిటర్నును మీరే పిలిచినట్టు.

5. పేజీ అమరిక, తెలుగు అక్షరం

వస్తువు పేజీని ఫోను తెరమీదే తయారు చేయండి. కంప్యూటర్‌లో చూసి మెచ్చుకోవడం వల్ల ఉపయోగం లేదు. వరుస ఇలా ఉండాలి: ఫొటో, పేరు, పన్నులతో కలిపి ధర, సైజు గడులు, "నా సైజు ఏది?", పిన్‌కోడ్ వేస్తే ఎప్పటికి చేరుతుందో, కొనే బటన్, మార్పిడి నియమం ఒక్క వాక్యంలో. బట్ట వివరాలు, ఉతికే పద్ధతి ఆ తర్వాత.

తెలుగు విషయంలో ఒక చిక్కు ఉంది. దొరికే తయారీ డిజైన్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల కొలతతో చేసినవి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఆ డిజైన్‌లో "బుట్టలో వేయండి" అని రాస్తే ట కింది వత్తు తెగిపోతుంది. అక్షరం 16 పిక్సెళ్లయితే పంక్తి ఎత్తు 26 నుంచి 28 ఉంచండి, బటన్ ఎత్తును బిగించకుండా వదిలేయండి. చదివే పాఠానికి మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్లు, శీర్షికలకు రామభద్ర బాగుంటాయి. మూడూ ఉచితమే. ఒక పేజీలో రెండుకు మించి వాడవద్దు, ప్రతి ఫాంటూ బరువే.

వేగం సంగతి. పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ పెట్టిన కొలమానం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనంలో మీ చిరునామా వేస్తే ఎంత పడుతుందో చెబుతుంది. బండిని ఆపేది సాధారణంగా ఫొటోలే. వెబ్‌పీ అనే తక్కువ బరువుండే ఫొటో రూపంలోకి మార్చి, ఒక్కోటి 150 కేబీ దాటకుండా చూడండి. తర్వాత ఆ తక్కువ ధర ఫోను పట్టుకుని దేవరకొండ దారిలోనో కొల్లాపూర్ వైపో బస్సులో కూర్చుని మీ సైటు తెరవండి. మీ కొనుగోలుదారు చూసేది అదే వేగంతో.

6. జట్టు ఆర్డర్‌కు ప్రత్యేక దారి

ఒక్క జెర్సీ కొనేవాడికీ పద్నాలుగు జెర్సీలు కొనే కెప్టెన్‌కూ ఒకే బుట్ట పెట్టడం పెద్ద పొరపాటు. కెప్టెన్ ఒక్కో జెర్సీనీ పద్నాలుగు సార్లు బుట్టలో వేయడు. మూసేసి, ఊళ్లో తెలిసిన కొట్టుకు వెళ్తాడు. ఈ ప్రాంతంలో సైటు నిలబడేది జట్టు ఆర్డర్లతోనే అని నా నమ్మకం. కొరియర్ ఖర్చు ఒక్కసారే పడుతుంది, పేరు వేసిన జెర్సీలు ఊరికే తిరిగి రావు, మరుసటి ఏడు అదే జట్టు మళ్లీ వస్తుంది.

పేజీలో ఈ వరుస పెట్టండి:

- ఆట, డిజైన్, రంగు ఎంచుకోవడం
- ఎంతమంది అన్నది వేయగానే ఒక్కో జెర్సీ ధర, మొత్తం ధర కనబడటం
- ఆటగాడి పేరు, నంబరు, సైజు వేసే పట్టిక. కెప్టెన్ లింకు పంపితే ఎవరి వరుస వారే నింపుకునేలా ఉంటే ఇంకా మేలు
- ఏ తేదీకి కావాలి
- సగం డబ్బు ముందుగా చెల్లించడం
- ముద్రణకు ముందు నమూనా చిత్రం పంపి ఒప్పుదల తీసుకోవడం

చివరిదాన్ని ఎంత తొందరలోనూ దాటవేయకండి. ఒక సంక్రాంతికి మిర్యాలగూడ జట్టు జెర్సీల మీద మేము ఊరి పేరు తెలుగులో వేశాం. పాఠం యూనికోడ్‌లో, అంటే ఫోనులో మనం తెలుగు టైపు చేసే పద్ధతిలో వచ్చింది, ముద్రణ యంత్రం దగ్గర అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంటులోకి మార్చేటప్పుడు య-వత్తు ఎగిరిపోయింది. వీపుల మీద "మిరాలగూడ" అని పడింది. పోటీకి రెండు రోజుల ముందు ఆ పిల్లలు జెర్సీలు విప్పి చూసి మౌనంగా నిలబడ్డారు. ఊరి పేరు తప్పు పడటం వారికి ఎంత బాధో ఆ రోజు అర్థమైంది. రాత్రంతా కూర్చుని పద్నాలుగూ మళ్లీ వేశాం.

అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. తెలుగు పేర్లను అక్షరాలుగా కాక గీతలుగా, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మలా మార్చి ముద్రణకు పంపాలి. నమూనా చిత్రం ముద్రణ ఫైలు నుంచే తీయాలి, టైపు చేసిన పాఠం నుంచి కాదు. కెప్టెన్‌ను ఒక్కో పేరూ బిగ్గరగా చదివి "సరే" అని రాతపూర్వకంగా పంపమనాలి. మార్పులకు గడువు గంటతో సహా చెప్పాలి.

మరో రెండు జాగ్రత్తలు. కబడ్డీలో కోర్టులో ఏడుగురే ఉన్నా జట్టులో అదనపు ఆటగాళ్లు ఉంటారు. పేరు లేకుండా నంబరు మాత్రమే ఉన్న రెండు అదనపు జెర్సీలు తీసుకోమని సూచించండి. కొత్త ఆటగాడు చేరినా, పట్టుకున్నప్పుడు చిరిగినా పనికొస్తాయి. రెండోది, ప్రసిద్ధ జట్ల, కంపెనీల గుర్తులు వేయమని అడుగుతారు. ఒప్పుకోవద్దు. ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 ప్రకారం అది తప్పు. ఆ ఊరి చెరువునో, కోటనో, గుట్టనో గుర్తుగా గీసి ఇవ్వండి. పానగల్లు ఆలయం, పిల్లలమర్రి, గద్వాల కోట వంటివి జెర్సీ మీద ఎంత అందంగా కుదురుతాయో ఒకసారి వేసి చూపితే వారే ఇష్టపడతారు.

7. చెల్లింపు, చిరునామా

ఖాతా తెరవమని బలవంతం చేయవద్దు. ఫోను నంబరుతో కొననివ్వండి. యూపీఐని పైన పెట్టండి. కొరియర్ ఖర్చును చివరి తెర మీద బయటపెట్టకండి, ధర పక్కనే చూపండి. చివరలో పెరిగిన రూ. 60 చూసి వెళ్లిపోయినవారిని తిరిగి తేవడం కష్టం.

చేతికి అందాక డబ్బు ఇచ్చే పద్ధతి పూర్తిగా తీసేస్తే మన పల్లెల్లో చాలామంది కొనరు, ఉంచితే పార్శిళ్లు తిరిగి వస్తాయి. మధ్యే మార్గంగా కొరియర్ ఖర్చు మాత్రం ముందుగా తీసుకోండి, మిగతాది ఇంటి దగ్గర. పంపే ముందు ఒక ఫోను చేసి సైజు మరోసారి అడగండి. పేరు ముద్రించిన వాటికి మాత్రం ఈ పద్ధతి వద్దు.

చిరునామా గడులు మన ఊళ్లకు తగ్గట్టు ఉండాలి. ఇంటి నంబరు తప్పనిసరి చేస్తే పల్లెవాసి ఆగిపోతాడు. ఊరు, మండలం, పిన్‌కోడ్, దగ్గరి గుర్తు, రెండో ఫోను నంబరు అడగండి. పాత జిల్లాల జాబితా వాడుతున్నారేమో చూసుకోండి. 2016లో ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట ఏర్పడ్డాయి. జిల్లా పేరు కనబడక వెనుదిరిగినవారు ఉన్నారు. పిన్‌కోడ్ వేయగానే జిల్లా దానంతటదే పడేలా చేయిస్తే ఈ చిక్కు ఉండదు.

8. మార్పిడి నియమాలు, చట్టం అడిగేవి

"సరిపోకపోతే ఒకసారి సైజు మార్చి ఇస్తాం. ఏడు రోజుల్లో చెప్పండి. ఉతకకూడదు. పేరు ముద్రించినవి మార్చలేం, మా తప్పయితే తప్ప." ఇంత చిన్నగా, ఇంత స్పష్టంగా రాసి కొనే బటన్ కింద పెట్టండి.

చట్టపరంగా సరిచూసుకోవలసినవి:

- వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం వ్యాపారం పేరు, చిరునామా, సంప్రదించే వివరాలు, ఫిర్యాదుల అధికారి పేరు సైటులో ఉండాలి.
- ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.
- ముందే టిక్ పెట్టిన గడులతో కొనుగోలుదారు సమ్మతి తీసుకోకూడదు.
- ఇతర రాష్ట్రాలకు ఈ సరుకు అమ్మాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. కర్నూలు, రాయచూర్ మనకు పక్కనే ఉన్నా రాష్ట్రం వేరే.
- 2025 సెప్టెంబరు 22 నుంచి రూ. 2,500 దాకా ఉన్న దుస్తులపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. పాత ధరల పట్టిక ఉంటే సవరించండి.

9. ప్రకటనలు, కాలం

పై పనులు అయ్యాకే ప్రకటనకు డబ్బు పెట్టండి. అప్పుడు కూడా సైటు మొదటి పేజీకి కాకుండా ఆ వస్తువు పేజీకే తీసుకెళ్లాలి. కబడ్డీ జెర్సీ చూసి నొక్కినవాడికి కబడ్డీ జెర్సీయే కనబడాలి.

సంక్రాంతి పోటీల జెర్సీల పేజీ నవంబరు చివరికి సిద్ధంగా ఉండాలి. జనవరి మొదటి వారంలో ఆర్డర్లు ఆపే తేదీని పైనే రాయండి. వేసవి శిబిరాలకు మార్చిలో, బడులకు జూన్‌లో, దసరా పోటీలకు నెల ముందుగా సిద్ధపడాలి. పోలీసు నియామక ప్రకటన వెలువడగానే పరుగు బనియన్లకు గిరాకీ వస్తుంది, ఆ సరుకు కొంత ఎప్పుడూ నిల్వ ఉంచండి.

మీ జెర్సీ వేసుకుని గెలిచిన జట్టు ఫొటోను వారి అనుమతితో, ఊరి పేరుతో పెట్టండి. పక్క ఊరి జట్టు అది చూసి వస్తుంది.

10. మార్చినదాన్ని కొలవండి

ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక మార్పు చేసి రెండు వారాలు ఆగండి. ఆర్డర్లను వచ్చినవారి సంఖ్యతో భాగించి 100తో గుణించండి. వెయ్యి మంది వచ్చి ఎనిమిది మంది కొంటే 0.8 శాతం. పండుగ వారాన్ని మామూలు వారంతో పోల్చకండి. పక్కనే సైజు కారణంగా వచ్చిన రిటర్న్‌ల సంఖ్య కూడా రాయండి. ఆర్డర్లు పెరిగి అవీ పెరుగుతుంటే మూడో మెట్టుకు తిరిగి వెళ్లాలి.

ప్రతి సోమవారం పావుగంటలో చూసుకోవలసినవి:

- గత వారం రిటర్న్‌లు, కారణాలు నోటుపుస్తకంలో పడ్డాయా
- వాట్సాప్‌లో కొత్తగా వచ్చిన ప్రశ్నకు సైటులో జవాబు చేర్చామా
- అయిపోయిన సైజులు సైటులో ఇంకా ఉన్నట్టు చూపుతోందా
- కొత్తగా వచ్చిన సరుకును కొలిచి పట్టిక మార్చామా
- తక్కువ ధర ఫోనులో ఒక ఆర్డర్‌ను మొదటి నుంచి చివరి దాకా మనమే వేసి చూశామా
- జట్టు ఆర్డర్లలో ఒప్పుదల రానివి ఎన్ని, కెప్టెన్‌కు ఫోను చేశామా